పరీక్షల చాటున ఆత్మవంచన

విద్యార్థికి వచ్చినదేమి, రానిదేమి అని తెలిసికొనుటకు గురువునకు గల సాధనము పరీక్ష. వైద్యుడు నాడి పట్టి చూచుట రోగిని శిక్షించుటకు గాదు. వ్యాధి యెచ్చటనున్నదో గుర్తించి మందిచ్చుటకు. పరీక్షయు నట్టిదే. తన వార్డులోని రోగులందరును ఆరోగ్యవంతులేయని వైద్యుడు పైయధికారికి వ్రాసి పంపిన మాత్రమున జ్వరము తగ్గదు. రోగి మందు లేక మంచము పట్టును. మన పాఠశాలలలోను కళాశాలలలోను నేడు జరుగుచున్నది సరిగా నిదియే. ఉత్తీర్ణుల సంఖ్య ఏటేట మిన్నుముట్టుచున్నది. చదువు మాత్రము నేలమీదనే యున్నది. ఈ రెంటి నడుమనున్న ఎడమును పూడ్చుటకు చీటీలు, కిటికీలు, అంతర్గత మార్కులు, ఫోను సందేశములు అక్కరకు వచ్చుచున్నవి. దీనిని కేవలము బాలుర దొంగతనముగా నెంచి, వారిని పట్టి శిక్షించినచో పని తీరునని తలంచుట పొరపాటు. ఇది పెద్దలు నేర్పిన విద్య. దీనివలన నష్టపోవువారిలో మొదటివాడు ఖమ్మము, భద్రాచలముల అడవి యంచునగల పేద బాలుడు.

ముందుగా అంకెలను చూతము. తెలంగాణమున 2024వ సంవత్సరపు పదవతరగతి పరీక్షలో నూటికి 91.31 మందియు, 2025లో నూటికి 92.78 మందియు ఉత్తీర్ణులైరి. వినుటకు సంతోషముగానే యున్నది. కాని దేశమంతట గ్రామములలో ఇంటింటికిని పోయి, పిల్లలను ఎదుట కూర్చుండబెట్టుకొని, చేతికి పుస్తకమిచ్చి చదివించి చూచు ‘అసర్’ పరిశీలకుల లెక్క మరియొకటి కలదు. రెండవతరగతి పాఠమును చదువగలిగిన మూడవతరగతి పిల్లలు తెలంగాణ గ్రామములలో 2018లో నూటికి 18.1 మంది, 2022 నాటికి 5.2 మంది. ఆంధ్రప్రదేశమున 22.6 నుండి 10.3కు దిగినది. నడుమ కరోనా వ్యాధి వలన బడులు మూతపడిన మాట నిజమే. కాని వ్యాధి రాకమునుపటి లెక్కయే చాలినంత భయంకరముగా నున్నది. 2025లో పదవతరగతి వ్రాసినవారు 2018లో నాలుగవతరగతిలో నుండిరి. వారికంటె ఒక్క మెట్టు క్రిందనున్న పిల్లలలో నూటికి ఎనుబదిమందికి పైగా తమకంటె చిన్నతరగతి పాఠమును చదువలేకపోయిరి. కొలది యేండ్లలో ఆ తరము పిల్లలే నూటికి తొంబదిముగ్గురు లెక్కలలో, విజ్ఞానశాస్త్రములో, సాంఘికశాస్త్రములో, ఆంగ్లములో ఉత్తీర్ణులైరి. ఎదుగు పిల్లలు కొంత నేర్చుకొనియుందురు; కాదనము. అంతయు నేర్చుకొనిరని మాత్రము పిల్లలతో ఒక్క గంట కూర్చుండిన యే ఉపాధ్యాయుడును ప్రమాణము చేయజాలడు.

ఈ చిక్కు ఎచ్చట పుట్టుచున్నదో తెలిసికొనుటకు భద్రాచలమంత తగిన చోటు మరియొకటి లేదు. గోదావరి గట్టుననున్న ఈ పట్టణమునకు ఎగువగా దుమ్ముగూడెము, చర్ల మండలములు దాటినచో ఛత్తీస్‌గఢ్ అడవులు. దిగువగా ఎటపాక, కూనవరము, అటుపై శబరి వెంట చింతూరు. ఈ సీమను ఏలికలు ఎన్నిమారులో చేతులు మార్చిరి. 1959లో తూర్పుగోదావరి జిల్లానుండి తెచ్చి ఖమ్మము జిల్లాలో కలిపిరి. 2014లో పోలవరము నిమిత్తమై ఏడు మండలములను ఆంధ్రప్రదేశమునకు ఇచ్చివేసిరి. 2016లో మిగిలిన భాగమును భద్రాద్రి కొత్తగూడెము జిల్లా చేసిరి. భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలిచినది. దాని గుమ్మమున కానుకొనియున్న ఎటపాక ఆంధ్రప్రదేశమునకు పోయినది. ఒకే కోయపల్లె చుట్టములలో ఒక యింటి బిడ్డ ఒక బోర్డు పరీక్షను, మరియొక యింటి బిడ్డ వేరొక బోర్డు పరీక్షను వ్రాయుచున్నారు. బోర్డులు రెండు, అవస్థ యొక్కటే.

ఆ బిడ్డ ఇంట పలుకునది కోయభాష. బడిలో విననారంభించునది పుస్తకపు తెలుగు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ అలజడులకు వెఱచి యిటు వలసవచ్చిన కుటుంబముల బిడ్డలకైతే ఆ తెలుగు మఱింత దూరము. ఉపాధ్యాయునకు బిడ్డ మాట తెలియదు. బిడ్డకు ఉపాధ్యాయుని మాట తెలియదు. షెడ్యూల్డు ప్రాంతములలో ఉపాధ్యాయపదవులన్నియు స్థానిక గిరిజనులకే యీయవలయునని 2000వ సంవత్సరమున సమైక్యాంధ్రప్రదేశ ప్రభుత్వము చేసిన 3వ నెంబరు ఉత్తర్వు ఈ దూరమును కొంత తగ్గింపజూచినది. నూటికి నూరు పదవులను ఒకరికే ప్రత్యేకించుట రాజ్యాంగమునకు విరుద్ధమని 2020 ఏప్రిలు 22న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. తీర్పు తీర్పే; కాని బిడ్డ భాష తెలిసిన గురువు ఆ బిడ్డకు కావలసియుండుట మాత్రము కొట్టివేయరాని సత్యము.

మొదటి రెండేండ్లలో అక్షరము పట్టుబడని ఆ బిడ్డ మూడవతరగతికి పోవును. అటుపై నాలుగు, ఐదు, ఆరు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఎనిమిదవతరగతి ముగియువరకు ఎవరిని ఆపరాదని విధించినది. ఆ విధి సదుద్దేశముతో చేసినదే. బిడ్డను తప్పించి యింటికి పంపినచో వాడు పశువుల వెంట పోవునేగాని మరల బడికి రాడని యెరిగి చేసినది. ఐతే ఆ చట్టమే బిడ్డ ప్రగతిని ఎడతెగక పరిశీలించి, వెనుకబడినచోట చేయూతనీయవలయునని కూడ చెప్పినది. మనము మొదటి సగమును ఆచరించి రెండవ సగమును మరచితిమి. ఆపవద్దనగా పైకి నెట్టుడని, పరిశీలింపుడనగా కాగితములు నింపుడని అర్థము చెప్పుకొంటిమి. 2019లో ఆ చట్టమును సవరించి, ఐదవ, ఎనిమిదవ తరగతులలో ఆపుటయో మానుటయో రాష్ట్రముల యిష్టమునకు విడిచిరి. ఆపినను ఆపకపోయినను చదువు చెప్పనివానికి చదువు రాదు.

ఇట్లు అక్షరజ్ఞానము అరకొరగా పదవతరగతికి చేరిన బిడ్డకు మార్చి మాసము ముంచుకొని వచ్చును. అప్పుడు అందరికిని ఆందోళన కలుగును. జిల్లాకు ఇంత శాతము రావలెనని పైనుండి లక్ష్యము, బడికి ఇంత రావలెనని ప్రధానోపాధ్యాయునకు హెచ్చరిక, తగ్గినచో సంజాయిషీ. జనవరినుండి పాఠములు మాని పాతప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టించుట ఆరంభమగును. అదియు సాగనిచోట ఏమి జరుగునో ఊరూర నెరిగినదే. అంగీ మడతలలోను చెప్పుల అట్టల క్రిందను చీటీలు. గోడ దూకి కిటికీ యొద్ద నిలుచు అన్నలు. ఒక్క మార్కు ప్రశ్నల జవాబులను వరుసల నడుమ తిరుగుచు మెల్లగా చెప్పిపోవు పెద్దమనుష్యులు. తనిఖీ బృందము వచ్చుచున్నదని గేటు దగ్గరనుండి అందు సంకేతములు. ఏ కేంద్రము పేరును మేము చెప్పబోము. ఏ యొక్క కేంద్రమును తప్పుపట్టుట మా యుద్దేశము గాదు. ఈ మాటలు చదివి ‘మా యూర ఎన్నడును జరుగలేద’ని చెప్పగలవారు ఎందరుందురో పఠనమందిరములలో కూర్చుండిన పాఠకులే లెక్కించుకొందురు గాక.

ఈ కార్యమునకు దయ యను పేరు పెట్టువారు కలరు. ‘పాపము, అడవి బిడ్డ; ఒక్క సర్టిఫికెట్టు చేతబడినచో బ్రదికిపోవును; మన సొమ్మేమి పోయినది’ అని వారు చెప్పుదురు. ఇంతకంటె క్రూరమైన దయను మేమెరుగము. ఆ సర్టిఫికెట్టు పట్టుకొని బిడ్డ ఎచ్చటికి పోవును? ఇంటర్మీడియేటులో చేరి మొదటి యేడే బోర్లపడును. పోలీసు కొలువునకో, అటవీశాఖ కొలువునకో పరీక్ష వ్రాయబోయినచో అచ్చట కిటికీ యొద్ద అన్న యుండడు. పాలిటెక్నిక్కులో సీటు దొరికినను పుస్తకము తెరచి చదువలేడు. తనకు రాజ్యాంగమిచ్చిన రిజర్వేషను సీటు ఎదుటనే యుండును. దానినందుకొను చదువు మాత్రము చేతనుండదు. పదియేండ్లు తనకు చదువు చెప్పలేదని ఎవరిని నిలదీయుటకును వానికి అధికారముండదు; ఏలయన ‘నీవు ఉత్తీర్ణుడవైతివి గదా’ యని ఆ సర్టిఫికెట్టే వానికి ఎదురు సాక్ష్యము పలుకును. చీటీ అందించినవాడు బిడ్డకు మార్కులిచ్చి, బిడ్డ ఫిర్యాదును దొంగిలించెను. ఈ వ్యాపారమున తేలికపడినవారు బోధింపని గురువు, విచారింపని అధికారి, పదవులను నింపని ప్రభుత్వము. మోసపోయినవాడు కాపీ కొట్టిన బాలుడే.

శాతములకై పరువులెత్తుట యెంత నిరర్థకమో చూపుటకు ఒక్క యుదాహరణము చాలును. 2025లో పదవతరగతి ఫలితములందు మహబూబాబాదు జిల్లా నూటికి 99.29తో మొదటనుండగా, వికారాబాదు జిల్లా 73.97తో కడపట నున్నది. ఖమ్మమునకు పొరుగైన మహబూబాబాదు కష్టించి ఆ గౌరవము నార్జించియుండవచ్చును. దానిని మేము శంకించుట లేదు. మా ప్రశ్న వేరు. ఆ బిడ్డలు చదువగలరా, కూడగలరా, ఒక అర్జీ వ్రాయగలరా అను సంగతి ఈ అంకె చెప్పునా? చెప్పదు. వికారాబాదు ఉపాధ్యాయులు సోమరులా, లేక నిజాయితీగా పరీక్ష జరిపినవారా యనునదియు చెప్పదు. సత్యమును చెప్పినవానికి అవమానమును, అంకె పెంచినవానికి శాలువను ఇచ్చు కొలబద్ద విద్యకు కొలబద్ద గాదు.

అంతర్గత మార్కుల కథ మఱింత విచిత్రము. బిడ్డ యేడాదిపొడుగున చేసిన పనికి 20 మార్కులు, చివరి పరీక్షకు 80 మార్కులు అను పద్ధతిని తెలంగాణమున 2014-15నుండి నడిపిరి. ఒక్కనాటి పరీక్షతో బిడ్డ తలవ్రాత నిర్ణయింపరాదను మంచి తలంపే దీనికి మూలము. కాని చేతిలోని కలము, ఇయ్యవలసిన మార్కు, పెరుగవలసిన శాతము మూడును ఒక్కరివే యైనపుడు ఏమగునో 2021 బయలుపెట్టినది. కరోనా కారణమున ఆ యేడు చివరి పరీక్ష లేదు. అంతర్గత మార్కులనుబట్టియే ఫలితము లిచ్చిరి. సుమారు 5 లక్షల 21 వేలమంది ఉత్తీర్ణులుకాగా, అందు 2 లక్షల 10 వేలమందికి పైగా పదికి పది గ్రేడు పాయింట్లు వచ్చినవి. చివరి పరీక్ష జరిగిన 2024లో పదికి పది వచ్చినవారు తొమ్మిదివేలకు లోపు. మూడేండ్లలో తెలంగాణ బిడ్డల మేధ యిరువదిరెట్లు క్షీణించినదని యెవ్వరును నమ్మరు. అంతర్గత మార్కులను ఆంధ్రప్రదేశము 2019లో తొలగించినది. తెలంగాణము తొలగింతుమని 2024లో ఉత్తర్వు చేసి, పిమ్మట వెనుకముందాడినది. తొలగించుటయా, ఉంచుటయా అనునది రెండవ ప్రశ్న. ఉంచినచో వానిని సరిచూచువాడెవడు అనునది మొదటి ప్రశ్న.

పేదవాని చీటీ ఇట్లుండగా, ధనవంతుని చీటీ మరియొక రీతి. 2016 జూలై 9న తెలంగాణమున వైద్యవిద్యకై జరిపిన ఎంసెట్-2 ప్రశ్నపత్రము ముందే బయటపడినది. పొరుగు రాష్ట్రముల నగరములలో శిబిరములు పెట్టి, లక్షలకొలది రూపాయలకు ప్రశ్నలను ముందుగా నేర్పిరని తేలగా, పరీక్షను రద్దుచేసి, సెప్టెంబరు 11న మరల జరిపిరి. 2023 మార్చిలో పబ్లిక్ సర్వీస్ కమిషను ప్రశ్నపత్రములే దొంగిలింపబడినవని బయటపడి, గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష రద్దయినది. ఆ మరునెలలో తాండూరు కేంద్రమునుండి పదవతరగతి తెలుగు పత్రము, మరునాడు కమలాపురమునుండి హిందీ పత్రము, పరీక్ష జరుగుచుండగనే వాట్సాపులో తిరిగినవి. ఆంధ్రప్రదేశమునను 2022లో పదవతరగతి పత్రములు బయటపడి అరెస్టులు జరిగినవి. అడవిబిడ్డ అంగీ మడతలోని చీటీ ఒక్క మార్కునకు. ఈ శిబిరముల చీటీ డాక్టరు సీటునకు. మొదటిది దొరకినచో బాలుడు ఆ యేడు చదువు కోల్పోవును. రెండవది దొరకినను విచారణ యేండ్లతరబడి సాగును.

శాసనములకు కొదువలేదు. పరీక్షలలో అక్రమములను అరికట్టుటకు ఆంధ్రప్రదేశము 1997లోనే చట్టము చేసినది. తెలంగాణమునందును అదియే అమలులో నున్నది. మూడు మొదలు ఏడేండ్ల వరకు కారాగారశిక్ష అందు గలదు. 2024 జూన్ 21నుండి కేంద్రచట్టము మరియొకటి అమలులోనికి వచ్చినది. ముఠాలు కట్టి యీ నేరము చేసినవారికి ఐదు మొదలు పదియేండ్ల శిక్ష, కోటిరూపాయలకు తక్కువగాని జుల్మానా. ఆ చట్టము కేంద్రసంస్థలు జరుపు పరీక్షలకే గాని పదవతరగతి బడికి వర్తింపదు. వ్రాయు అభ్యర్థిని గాక, అమ్మినవానిని కొనిపెట్టినవానిని పట్టుటకు చేసినది. ఆ వివేకమును మేము మెచ్చుకొందుము. మన కేంద్రములలోను ఇప్పుడు కెమెరాలు అమర్చుచున్నారు. ప్రశ్నపత్రములపై గుర్తులు ముద్రించుచున్నారు. మంచిదే. కాని కెమెరా చీటీని చూడగలదు. మూడవతరగతిలో చదువు రాని బిడ్డను చూడలేదు.

బిడ్డలనుండి నిజాయితీని కోరు ప్రభుత్వము తన నిజాయితీని ముందు చూపవలదా? 2019 ఏప్రిలు 18న తెలంగాణ ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడినవి. సుమారు 9 లక్షల 74 వేలమంది వ్రాసిరి; మూడు లక్షలకు పైగా తప్పిరి. ఫలితములను తయారుచేయు పనిని ఒక ప్రైవేటు సంస్థ కప్పగించియుండిరి. ఒక బాలికకు తెలుగులో సున్న వచ్చినది. మరల చూడగా అది 99. ఫలితములు వెలువడిన దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ముగ్గురు సభ్యుల విచారణ సంఘము లోపములను ఒప్పుకొనినది. తప్పినవారందరి పత్రములను ప్రభుత్వమే ఉచితముగా మరల చూపించగా వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులని తేలినది. 2025లో ఆంధ్రప్రదేశ పదవతరగతి పత్రములను కోరినవారికి మరల చూడగా వేలకొలది పత్రములలో మార్కులు మారినవి. కొందరు పరీక్షకులను సస్పెండు చేసిరి. ఇంటర్మీడియేటు పరీక్షకు ఒక్క నిమిషము ఆలస్యమైనను అడవిదారిన బస్సు దొరకక పరువెత్తివచ్చిన బిడ్డ ముఖముమీద తలుపు మూసిన నియమము ఇదే ప్రభుత్వముది. 2024లో విమర్శలు చెలరేగిన పిమ్మట ఐదు నిమిషములు సడలించిరి. బిడ్డ నిమిషమునకు ఇంత కాఠిన్యము. బోర్డు సున్నకు అంత ఔదార్యమా?

అట్లని పరీక్షలనే యెత్తివేయుడని మేము చెప్పము. పరీక్షలపై ఫిర్యాదు నేటిది గాదు. బట్టీచదువులను నిరసించి 1910లో మచిలీపట్టణమున ఆంధ్రజాతీయ కళాశాలను నెలకొల్పిన కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభిసీతారామయ్య గారలు పుస్తకముతో పాటు చేతిపనిని బిడ్డకు నేర్పబూనిరి. ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులుగానుండిన సర్వేపల్లి రాధాకృష్ణపండితుని అధ్యక్షతన 1948-49లో పనిచేసిన సంఘము, విశ్వవిద్యాలయవిద్యలో ఒక్క సంస్కరణమునే చెప్పవలసివచ్చినచో అది పరీక్షల సంస్కరణమేయని తేల్చిచెప్పినది. డెబ్బదియైదేండ్లు దాటినను ఆ మాట పాతబడలేదు. ఐనను మన పెద్దలెన్నడును పరీక్ష వలదనలేదు. న్యాయమైన పరీక్ష కావలెననిరి. సివిలుసర్వీసు పరీక్షను లండనులో మాత్రమే గాక హిందూదేశమునను జరుపవలయునని కాంగ్రెసు తన తొలి సమావేశము నాటినుండి పోరి, 1922లో సాధించినది. ఏలయన పరీక్ష లేనిచోట సిఫారసు వచ్చి కూర్చుండును. సిఫారసునకు పట్టణపు పెద్దయింటివాని బిడ్డ పనికివచ్చునేగాని పాల్వంచ కూలివాని బిడ్డయు, చర్ల కోయబిడ్డయు పనికిరారు. నిష్పక్షపాతమైన పరీక్ష పేదవాని కవచము. కావుననే దానిని చిల్లులు పొడుచుట పేదవానికి చేయు ద్రోహము.

చేయవలసినదేమి? మొదటిది, కొలత ముందు జరుగవలయును. మూడవతరగతి ముగియులోపల ప్రతి బిడ్డను విడివిడిగా కూర్చుండబెట్టి, ఆ బడికి చెందని యుపాధ్యాయునిచేత చదివించి, కూడించి చూడవలెను. దానికి మార్కులు వలదు, ర్యాంకులు వలదు, పత్రికలలో పేర్లు వలదు. చదువలేని బిడ్డ ఎవరో తేలగానే వాని భాష తెలిసిన యొకరిని నియమించి ఆ యేడే నేర్పవలెను. భద్రాచలమున సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ యున్నది. కోయ భాషయు తెలుగును వచ్చి, చదువు ముగించి, కొలువు లేక తిరుగు యువకులు ఆ పల్లెలలోనే యున్నారు. వారికి జీతమిచ్చి యీ పని అప్పగించుట తలకు మించిన భారము గాదు.

రెండవది, ఉత్తీర్ణతాశాతమునుబట్టి ఉపాధ్యాయులకు సత్కారమును శిక్షయు మానవలెను. జిల్లాలకు ర్యాంకులు ప్రకటించుట మానవలెను. మూడవది, అంతర్గత మార్కులు ఉన్నంతకాలము, ప్రతి బడిలోను అంతర్గత మార్కుల సగటును, చివరి పరీక్ష మార్కుల సగటును పక్కపక్కన ప్రకటింపవలెను. రెంటికిని ఏనుగునకు దోమకుగల భేదము కనిపించినచోట తనిఖీ చేయవలెను. ప్రైవేటు బడులను దీనినుండి తప్పింపరాదు. నాలుగవది, బట్టీపట్టి వ్రాయగలిగిన ప్రశ్నలను తగ్గించి, చదివి యోచించి వ్రాయు ప్రశ్నలను పెంచవలెను. యోచనకు చీటీ యుండదు. ఐదవది, దిద్దిన పత్రమును చూచు హక్కు వ్రాసినవానికి కలదని 2011లో సుప్రీంకోర్టు సమాచారహక్కు చట్టము ననుసరించి తీర్పుచెప్పినది. ఆ హక్కును పేద బిడ్డకు ఫీజు లేకుండ, వాని బడిలోనే, కొలది దినములలో అందింపవలెను. ఆరవది, పట్టుబడిన బాలుని పోలీసులకు గాక గురువునకు అప్పగింపవలెను. వానికి ఆ విషయము మరల బోధించి మరల వ్రాయింపవలెను. ప్రశ్నను అమ్మినవానికి, జవాబు అందించిన పెద్దకు మాత్రము చట్టము కనికరింపరాదు.

వీనిని ఆచరించిన మొదటి రెండు మూడేండ్లు శాతములు పడిపోవును. పత్రికలు గోలపెట్టును, శాసనసభలో ప్రశ్నలు లేచును. ఆ గోలకు వెఱచి మరల కిటికీలు తెరువకుండుటయే ఈ పనిలోని ధైర్యము. శాతము పడుట చదువు పడుట గాదు; చదువు ఎక్కడ పడియున్నదో కన్నులార చూచుట. చూచినగాని లేవనెత్తలేము.

ప్రభుత్వము చేయువరకు ప్రజలు చేతులు ముడుచుకొని కూర్చుండ పనిలేదు. ఈ పుటలను చదువు పాఠకులలో అనేకులు తండ్రులు, కొందరు గురువులు, మరికొందరు గ్రంథాలయముల పోషకులు. వారికి మా మనవి ఒక్కటే. మీ బిడ్డకు ఎన్ని మార్కులు వచ్చినవని అడుగుట కొన్నాళ్లు మానుడు. రాత్రి భోజనమైన పిమ్మట ఆనాటి వార్తాపత్రిక చేతికిచ్చి చదువుమనుడు. చదివినదాని భావము చెప్పుమనుడు. అంగడి లెక్క నొకదానిని వేయించి చూడుడు. మీ వీథిలోని పేద బిడ్డను, మీ యింట పనిచేయు తల్లి బిడ్డను కూడ పిలిచి చదివింపుడు. గ్రంథాలయములవారు ఆదివారము పూట ఒక గంట బాలురకు తలుపులు తెరచి, చదువరాని బిడ్డను అవమానింపక ప్రక్కన కూర్చుండబెట్టుకొందురు గాక. ఖమ్మము, కొత్తగూడెము, భద్రాచలము పట్టణములలో చదువుకొన్న వారెందరో కలరు. ఒక్కొక్కరు ఒక్కొక్క బిడ్డకు అక్షరము దిద్దించినను అడవి యంచున వెలుగు ప్రాకును.

వీనికన్నిటికిని మించి, పరీక్షాకేంద్రపు కిటికీ యొద్దకు పోవు అన్నలను తల్లిదండ్రులు తామే ఆపవలెను. బిడ్డ తప్పినచో మరల వ్రాయగలడు. వంచనతో నెగ్గినవాడు తనకు రానిదేదో తెలిసికొను అవకాశమునే పోగొట్టుకొనును. స్వరాజ్యము వచ్చిన దేశమున, ప్రతి బిడ్డయు తన పేరును తానే వ్రాసి, తన హక్కును తానే చదివి తెలిసికొనగలుగుట ప్రజాప్రభుత్వమునకు ఊపిరి. ఆ ఊపిరిని మార్కుల పట్టికలలో గాక బిడ్డల నోట విననేర్తుము గాక!